చమురు పడితే ఎవరి పాలెంత?

భాలుబాసాలో మా ఎదురింటి పిన్నిగారి పుట్టిల్లు దివిసీమ. పెళ్లయ్యాక, టాటా కర్మాగారంలో పనిచేసే భర్త వెంట జంషెడ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పోయిన సంక్రాంతికి ఊరు వెళ్లి వచ్చినప్పుడు నన్నొక ప్రశ్న అడిగారు. కొన్నేళ్ల కిందట వాళ్ల తమ్ముడి చేలో కోతలయ్యాక జెండాలు పాతారట. పొడవాటి తీగలు పరిచి, చిన్న చిన్న బోర్లు వేసి, వాటిలో మందుగుండు పేల్చి వెళ్లారట. చమురు వెతుకుతున్నాం అన్నారట.

"మామూలు బోరు వేసి నీళ్లు పడకపోతే రైతు డబ్బు పోతుంది. మరి అంత లోతు బోరు వేసి చమురు పడకపోతే ఎవరి డబ్బు పోతుంది బాబూ? పడితే మాత్రం ముందు ఎవరు తీసుకుంటారు?"

పిన్నిగారు అడిగినవి రెండు ప్రశ్నలు. మొదటిదానికి సగం జవాబు భౌతికశాస్త్రంలో ఉంది. మిగతా సగం, రెండో ప్రశ్నకు జవాబు మొత్తం 'ఉత్పత్తి పంపకం ఒప్పందం' అనే కాగితంలో ఉన్నాయి. భూమి లోపల ఏముందో ఎంతవరకు తెలుసు, ఎంతవరకు తెలియదు అన్నది అర్థమైతే ఆ కాగితం ఎందుకలా రాశారో దానంతట అదే తెలుస్తుంది. ఈ పాఠంలో ఆ రెండింటినీ కలిపి చూద్దాం.

జంషెడ్‌పూర్ కింద ఎందుకు వెతకరు?

జంషెడ్‌పూర్ ఉన్నది సింగ్‌భూమ్ క్రేటాన్ అనే అతి పురాతన భూఖండపు అంచున. అందులోని కొన్ని రాళ్ల వయసు 300 కోట్ల ఏళ్లకు పైమాటే. అవి అగ్నిశిలలు, లేదా వేడికీ ఒత్తిడికీ రూపం మారిన శిలలు. ఇనుము, రాగి, యురేనియం ఖనిజాలు ఇక్కడ దొరకడానికి కారణం అదే. చమురు దొరకకపోవడానికి కారణం కూడా అదే.

చమురు పుట్టాలంటే ఒకప్పటి సముద్రంలోనో సరస్సులోనో జీవుల అవశేషాలు బురదతో కలిసి పొరలుగా పేరుకోవాలి. ఆ పొరలు లోతుకు దిగి, సుమారు 60 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ మధ్య లక్షల ఏళ్లపాటు మెల్లగా ఉడకాలి. వేడి అంతకు మించితే చమురు విడిపోయి వాయువు అవుతుంది. ఇంకా పెరిగితే ఏదీ మిగలదు. కాబట్టి వెతకవలసింది అవక్షేప శిలలు మందంగా పేరుకున్న చోట్ల, అంటే 'బేసిన్'లలో.

మన జార్ఖండ్‌లోనే దామోదర్ నది లోయలో అలాంటి అవక్షేప పొరలున్నాయి. అయితే అక్కడ పూడిపోయింది అడవి. అందుకే ఝరియా, బొకారోల్లో బొగ్గు, ఆ బొగ్గు పొరల్లో ఇరుక్కున్న మీథేన్ వాయువు ఉన్నాయి. ఆ మీథేన్ పంపకానికి వేరే పద్ధతి ఉంది. దాని సంగతి చివర్లో చూద్దాం.

కృష్ణా, గోదావరి డెల్టాల కింద కథ వేరు. భారత భూభాగం తూర్పు అంటార్కిటికా నుంచి విడిపోయేటప్పుడు ఇక్కడి నేల పగిలి లోతైన గోతులు ఏర్పడ్డాయి. తర్వాత కోట్ల ఏళ్లపాటు నదులూ సముద్రమూ తెచ్చిన మట్టి, ఇసుక వాటిని నింపుతూ వచ్చాయి. అదే కృష్ణా-గోదావరి బేసిన్. 1970ల చివర నరసాపురం దగ్గర ఓఎన్‌జీసీ తవ్విన బావిలో వాయువు జాడ కనిపించాక, కోనసీమ నుంచి దివిసీమ దాకా రిగ్గులు మామూలు దృశ్యమయ్యాయి.

నేలకు చెవి ఆనించడం

పిన్నిగారి తమ్ముడి చేలో జరిగింది సిస్మిక్ సర్వే. పేలుడు వల్ల పుట్టిన కంపన తరంగం నేలలోకి దిగుతుంది. ఒక రాతి పొర ముగిసి మరొకటి మొదలయ్యే చోట కొంత భాగం వెనక్కి తిరుగుతుంది. తీగలకు తగిలించిన జియోఫోన్లు ఆ ప్రతిధ్వనిని వింటాయి.

ఎంత భాగం వెనక్కి వస్తుందో చెప్పడానికి ఒక చిన్న సూత్రం ఉంది. రాతి సాంద్రతను అందులో తరంగ వేగంతో గుణిస్తే వచ్చేది ఆ రాతి 'ధ్వని అవరోధం'. కింది పొర అవరోధం నుంచి పై పొర అవరోధాన్ని తీసివేసి, రెండింటి మొత్తంతో భాగించాలి. ఉదాహరణకు పైన బంకరాయి ఉందనుకుందాం. దాని సాంద్రత 2.4, వేగం సెకనుకు 2,900 మీటర్లు. లబ్ధం 6,960. కింద వాయువు నిండిన ఇసుకరాయి ఉంది. సాంద్రత 2.1, వేగం 2,400. లబ్ధం 5,040. తేడాను మొత్తంతో భాగిస్తే రుణ 0.16. అంటే తరంగ పరిమాణంలో 16 శాతం, తలకిందులై, వెనక్కి వస్తుంది. సిస్మిక్ చిత్రంలో అది మెరిసే గీతలా కనిపిస్తుంది.

అయితే మెరిసిందల్లా వాయువు నిధి కాదు. రాతి రంధ్రాల్లో 80 శాతం వాయువు ఉన్నా, 5 శాతమే ఉన్నా తరంగ వేగం ఇంచుమించు ఒకేలా పడిపోతుంది. నీళ్లలో కాస్త వాయువు కలిసినా చాలు, చిత్రం మెరుస్తుంది. అలాంటి మెరుపును నమ్మి తవ్విన బావులు ఖాళీగా తేలడం ఈ రంగంలో కొత్తేమీ కాదు.

రెండో ఇబ్బంది స్పష్టత. లోతుకు వెళ్లేకొద్దీ ఎక్కువ పౌనఃపున్యపు తరంగాలు రాతిలో ఇంకిపోతాయి. మిగిలేవి 30 హెర్ట్జ్ చుట్టుపక్కల. వేగం సెకనుకు 3,000 మీటర్లయితే తరంగదైర్ఘ్యం 100 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 25 మీటర్ల కంటే పలచని పొర పైభాగాన్నీ అడుగుభాగాన్నీ విడివిడిగా చూడలేం. ఎనిమిది అంతస్తుల భవనమంత మందం ఆ చిత్రంలో ఒక్క గీత.

మూడోది లోతు. జియోఫోన్ కొలిచేది కాలాన్నే. దాన్ని లోతుగా మార్చాలంటే వేగం తెలియాలి. వేగంలో 3 శాతం పొరపాటు జరిగితే 4,000 మీటర్ల దగ్గర 120 మీటర్ల తేడా వస్తుంది.

నాలుగు షరతులు, ఒక గుణకారం

చమురు నిల్వ ఉండాలంటే నాలుగు షరతులు కలిసిరావాలి. చమురు పుట్టించే రాయి ఉండాలి. దాన్ని పట్టి ఉంచే రంధ్రాల రాయి ఉండాలి. పైకి ఎగబాకే చమురు ఆగేలా ఆ పొరలు మడతపడో విరిగో ఉండాలి. పైన మూతలా కదలని రాయి ఉండాలి.

సర్వే అంతా చూసిన భూగర్భ శాస్త్రజ్ఞులు ఒక చోట ఈ నాలుగింటికీ వరుసగా 0.8, 0.6, 0.6, 0.7 సంభావ్యతలు ఇచ్చారనుకుందాం. విడివిడిగా చూస్తే అన్నీ సగానికి పైనే. కానీ నాలుగూ కలిసిరావాలి కాబట్టి గుణించాలి. వచ్చేది 0.2. అంటే అలాంటి అయిదు చోట్ల తవ్వితే సగటున ఒక్కచోటే పడుతుంది. నాలుగు బావుల ఖర్చు మట్టిపాలు.

ఒకే చిత్రాన్ని ఇద్దరు రెండు రకాలుగా చదివే అవకాశమూ ఉంది. రాజస్థాన్ బాడ్‌మేర్ ప్రాంతపు బ్లాకుకు 1995లో ఉత్పత్తి పంపకం ఒప్పందం కుదిరింది. మొదట అందులో దిగిన షెల్ సంస్థ తన వాటాను కెయిర్న్‌కు అమ్మేసి తప్పుకుంది. 2004లో కెయిర్న్ అదే బ్లాకులో మంగళ క్షేత్రాన్ని కనుక్కుంది. 2009లో ఉత్పత్తి మొదలైంది. మన దేశంలో నేలమీద దొరికిన అతిపెద్ద చమురు క్షేత్రాల్లో అది ఒకటి.

కౌలా, పాలా?

ఇంత అనిశ్చితి ఉన్న పనికి డబ్బు ఎవరు పెట్టాలి? ఊళ్లో పొలం అప్పగించే పద్ధతులతో పోల్చి చూద్దాం.

కౌలులో పంట కౌలుదారుదే. భూయజమానికి ఒప్పుకున్నంత ముట్టజెప్పాలి. చమురు రంగంలో పాతకాలపు రాయితీ ఒప్పందాలు ఇంచుమించు ఇలాంటివి. తీసిన చమురు కంపెనీ సొంతం. దేశానికి రాయల్టీ, పన్ను వస్తాయి.

పాలుకు ఇచ్చినప్పుడు అలా కాదు. కళ్లంలో రాశి పోశాక ఇద్దరూ పంచుకుంటారు. ఉత్పత్తి పంపకం ఒప్పందం ఈ రెండో రకం. ఇండోనేషియా 1966లో ఒక విదేశీ సంస్థతో ఇలాంటి ఒప్పందం చేసుకుని ప్రపంచానికి దారి చూపింది. ఇందులో చమురు యజమాని ఎప్పటికీ దేశమే. కంపెనీ కాంట్రాక్టరు మాత్రమే. పెట్టుబడి మొత్తం కాంట్రాక్టరుదే. చమురు పడకపోతే నష్టమూ అతనిదే. పడితే మాత్రం రాశిలోంచి ముందు అతని ఖర్చును పక్కకు తీస్తారు. దీన్ని ఖర్చు చమురు అంటారు. మిగిలినది లాభ చమురు. దాన్నే ప్రభుత్వమూ కాంట్రాక్టరూ పంచుకుంటారు.

మన దేశంలో 1990ల్లో కొన్ని ఒప్పందాలు ఇలా కుదిరాయి. 1999లో మొదలైన 'కొత్త అన్వేషణ లైసెన్సు విధానం' వేలాలతో ఇదే ప్రధాన పద్ధతి అయింది. 1993లో ఏర్పడిన హైడ్రోకార్బన్స్ డైరెక్టరేట్ జనరల్ వీటిని పర్యవేక్షిస్తుంది. ఎన్ని కిలోమీటర్ల సర్వే చేయాలో, ఎన్ని బావులు తవ్వాలో కంపెనీ ముందే మాటివ్వాలి. నేలమీది బ్లాకుల్లో చమురుపై 12.5 శాతం, వాయువుపై 10 శాతం రాయల్టీ కట్టాలి. ఆ రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి చేరుతుంది. లాభ చమురులో వాటా కేంద్రానిది.

నాగాయలంక బ్లాకు

కృష్ణా నది సముద్రంలో కలిసే దివిసీమలో ఇలాంటి ఒప్పందం కింద వెతికిన బ్లాకు ఒకటుంది. దాని పేరు కేజీ-ఓఎన్ఎన్-2003/1. అయిదో విడత వేలంలో ఇచ్చిన ఈ బ్లాకుకు 2005లో ఒప్పందం కుదిరింది. ఓఎన్‌జీసీకి 51 శాతం, కెయిర్న్‌కు 49 శాతం వాటా. అన్వేషణ దశను కెయిర్న్ నడిపింది. 2010 దశకం మొదట్లో నాగాయలంక దగ్గర తవ్విన బావుల్లో చమురు, వాయువు కనిపించాయి. అభివృద్ధి దశకు వచ్చేసరికి పగ్గాలు ఓఎన్‌జీసీ చేతికి వచ్చాయి.

'కనిపించాయి' అన్నంత మాత్రాన బకెట్లకొద్దీ పైకి రావు. ఇక్కడి చమురు ఉన్నది చాలా లోతున, బాగా బిగుసుకుపోయిన ఇసుకరాతిలో. రంధ్రాలున్నా వాటి మధ్య దారులు సన్నం. మంచి ఇసుకరాతిలో ద్రవం పారే సామర్థ్యాన్ని వందల మిల్లీడార్సీల్లో కొలుస్తారు. బిగుతు రాతిలో అది ఒక మిల్లీడార్సీలో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. డార్సీ నియమం ప్రకారం, మిగతావన్నీ ఒకటే అయితే, ఆ సామర్థ్యం వెయ్యో వంతుకు తగ్గితే ప్రవాహమూ వెయ్యో వంతే. అందుకే అధిక పీడనంతో ద్రవాన్ని పంపి రాతిని చీల్చి, ఆ చీలికలు మూసుకుపోకుండా ఇసుకలాంటి గింజలు నింపాలి. ఇది ఖర్చుతో కూడిన పని. పైగా ఇలాంటి బావుల్లో మొదట బాగా వచ్చిన చమురు కొద్ది కాలానికే వేగంగా తగ్గిపోతుంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి. పంపకం లెక్కలో మళ్లీ అవసరమవుతుంది.

ఒక లెక్క

ఇది నేను కల్పించిన చిన్న నమూనా. ఏ నిజమైన బ్లాకు లెక్కా కాదు. అసలు ఒప్పందాల్లో వివరాలు ఇంకా ఎక్కువ. సులువుగా ఉండేందుకు రాయల్టీని ముందే తీసేశాను, పన్నును పక్కనపెట్టాను.

పెట్టుబడి 300 కోట్లు. అందులో ఖాళీగా తేలిన బావుల ఖర్చూ ఉంది. ఏటా చమురు అమ్మకం 200 కోట్లు, నిర్వహణ ఖర్చు 20 కోట్లు. రాయల్టీ 12.5 శాతం, అంటే 25 కోట్లు. మిగిలేది 175 కోట్లు. అందులో ఖర్చు కింద ఒక ఏడాదిలో 80 శాతానికి, అంటే 140 కోట్లకు మించి తీసుకోకూడదు.

లాభ చమురులో ప్రభుత్వ వాటా 'పెట్టుబడి గుణకం' మీద ఆధారపడుతుంది. కాంట్రాక్టరు చేతికి అప్పటిదాకా వచ్చిన నికర ఆదాయాన్ని అతను పెట్టిన పెట్టుబడితో భాగిస్తే వచ్చేదే ఈ గుణకం. అది 1.5 లోపు ఉంటే ప్రభుత్వానికి 10 శాతం, 1.5 నుంచి 2.5 దాకా 30 శాతం, ఆపైన 60 శాతం అనుకుందాం. కిందటి ఏడాది చివరి గుణకాన్ని బట్టి ఈ ఏడాది వాటా ఉంటుంది.

మొదటి ఏడాది: ఖర్చు కింద 140 కోట్లు. లాభ చమురు 35 కోట్లు. ప్రభుత్వానికి 3.5 కోట్లు.
రెండో ఏడాది: ఇదే లెక్క. ప్రభుత్వానికి 3.5 కోట్లు. గుణకం 1.01.
మూడో ఏడాది: రాబట్టాల్సిన ఖర్చు 80 కోట్లే మిగిలింది. లాభ చమురు 95 కోట్లు. ప్రభుత్వానికి 9.5 కోట్లు. గుణకం 1.495.
నాలుగో ఏడాది: ఖర్చు 20 కోట్లే. లాభ చమురు 155 కోట్లు. గుణకం ఇంకా 1.5 దాటలేదు కాబట్టి ప్రభుత్వానికి 15.5 కోట్లు. ఏడాది చివరికి గుణకం 1.96.
అయిదు, ఆరు ఏడాదులు: ప్రభుత్వానికి ఏటా 46.5 కోట్లు. ఆరో ఏడాది చివరికి గుణకం 2.68.
ఏడో ఏడాది: ప్రభుత్వానికి 93 కోట్లు.

ఏడేళ్లలో ప్రభుత్వ లాభ వాటా మొత్తం 218 కోట్లు. రాయల్టీ దీనికి అదనం. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఆ 218లో మొదటి మూడేళ్లలో వచ్చింది 16.5 కోట్లే.

లెక్కలోని మెలిక

పై నమూనాలో ఏడేళ్లూ ఉత్పత్తి తగ్గలేదు. నిజమైన క్షేత్రం అలా ఉండదు. బిగుతు రాతిలో అసలే ఉండదు. మూడేళ్లు బాగా వచ్చి ఆ తర్వాత ఆగిపోయిందనుకుందాం. అమ్మకం మొత్తం 600 కోట్లు. రాయల్టీ 75, ఖర్చులన్నీ 360 పోగా మిగిలిన లాభం 165 కోట్లు. అందులో ప్రభుత్వానిది 16.5, కాంట్రాక్టరుది 148.5. కాగితం మీద 60 శాతం మెట్టు ఉంది. ఆ మెట్టు ఎక్కేలోపే బావికి వయసు మీద పడింది.

అంటే ప్రభుత్వానికి ఎంత వాటా అన్న ప్రశ్నకు శాతం ఒక్కటే జవాబు కాదు. ఆ వాటా ఎప్పుడు మొదలవుతుంది, అప్పటికి భూమిలో ఎంత మిగిలి ఉంటుంది అన్నవి కూడా జవాబులో భాగమే. పంపకం వరుసకూ రాతి స్వభావానికీ ఉన్న సంబంధం ఇదే.

రెండో మెలిక ఖర్చులో ఉంది. అదే నమూనాలో మూడో ఏడాది కాంట్రాక్టరు మరో 100 కోట్లు పెట్టుబడి పెట్టాడనుకోండి. ఆ ఏడాది ప్రభుత్వ వాటా 9.5 నుంచి 3.5 కోట్లకు పడిపోతుంది. గుణకంలో హారం పెరగడంతో 30 శాతం మెట్టు అయిదో ఏడాది నుంచి ఆరో ఏడాదికి జరుగుతుంది. ఆ 100 కోట్లతో కొత్త బావులు వేసి ఉత్పత్తి పెరిగితే అందరికీ మేలే. అవసరం లేకుండా పెట్టిన ఖర్చయితే దాని భారంలో కొంత ప్రజలదే. ఏది అవసరమో ఏది కాదో తేల్చడం కష్టం. భూమి లోపలి సంగతి అందరికంటే బాగా తెలిసింది తవ్వేవాడికే.

కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2011 నివేదిక వేలెత్తి చూపిన లోపాల్లో ఇదొకటి. పెట్టుబడి గుణకంతో ముడిపెట్టిన పంపకం ఖర్చు పెంచడానికే ప్రోత్సాహమిస్తోందని ఆ నివేదిక అభిప్రాయపడింది. 2012లో సి. రంగరాజన్ కమిటీ ఖర్చు లెక్కతో సంబంధం లేకుండా ఆదాయాన్నే పంచుకోవాలని సూచించింది. విజయ్ కేల్కర్ కమిటీ మాత్రం, అన్వేషణ రిస్కు ఎక్కువున్న చోట్ల పాత పద్ధతే మేలని మొగ్గు చూపింది.

2016 తర్వాత

2016లో కేంద్రం కొత్త విధానం తెచ్చింది. ఆ తర్వాత ఇచ్చిన బ్లాకులకు ఆదాయ పంపకం ఒప్పందాలు వచ్చాయి. పాత ఒప్పందాలు పాత పద్ధతిలోనే సాగుతున్నాయి.

మన నమూనాలో రాయల్టీ పోగా మిగిలిన 175 కోట్లలో మొదటి ఏడాది నుంచే 20 శాతం ప్రభుత్వానిది అనుకుందాం. ఏటా 35 కోట్లు. ఏడేళ్లకు 245 కోట్లు. మూడేళ్లకే బావి ఎండిపోతే 105 కోట్లు. పాత పద్ధతిలో అది 16.5. ఖర్చు బిల్లుల మీద గొడవా లేదు.

మరి కాంట్రాక్టరుకు? బావి మూడేళ్లకే ఎండిపోతే పాత పద్ధతిలో 148.5 కోట్లు మిగిలేవి, కొత్త పద్ధతిలో 60 కోట్లే మిగులుతాయి. చమురు ధర పడిపోతే అసలు పెట్టుబడే తిరిగి రాకపోవచ్చు. అలాంటప్పుడు అయిదింట ఒక్కటి పడే చోట తవ్వడానికి ఎవరొస్తారు? ఈ ప్రశ్న ఊహ కాదు. 2019లో కేంద్రం నిబంధనలు మళ్లీ సడలించింది. ఇంకా వాణిజ్య ఉత్పత్తి లేని బేసిన్లలో ఆదాయ వాటా అడగకుండా, ఎంత అన్వేషణ చేస్తారన్న దాని మీదే వేలం పెట్టింది. అసాధారణ లాభం వస్తేనే వాటా. మన దేశం ముడిచమురు అవసరంలో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటోంది. బావి తవ్వకపోవడం వల్ల కూడా నష్టముంది.

ఇక ముందు చెప్పిన జార్ఖండ్ మీథేన్ సంగతి. ఝరియా, బొకారో వంటి బ్లాకుల్లో మొదటినుంచీ ఖర్చు రాబట్టుకునే అంకమే లేదు. రాయల్టీతో పాటు, ఉత్పత్తి స్థాయిని బట్టి పెరిగే చెల్లింపు ఉంటుంది. బొగ్గు పొర ఎక్కడుందో గనుల వల్ల ముందే చాలావరకు తెలుసు. ఉందో లేదో అన్న అనుమానం కంటే, అందులోంచి వాయువు ఎంత తేలిగ్గా బయటికొస్తుందన్నదే అక్కడి అసలు ప్రశ్న.

ఒప్పందంలో లేని వాటా

పంపకం ఇద్దరి మధ్యే. కానీ బావి ఉన్నది మూడో మనిషి పొలంలో. మన చట్టం ప్రకారం నేల రైతుదైనా అడుగున ఉన్న చమురు ప్రభుత్వానిది. రైతుకు దక్కేది నేల వాడుకున్నందుకు ఇచ్చే అద్దె, పంటనష్టానికి పరిహారం. చమురు పడినా పడకపోయినా, లాభం పెరిగినా తరిగినా దానితో ఆ అద్దెకు సంబంధం లేదు.

రిస్కులో మాత్రం ఆ మూడో మనిషికీ భాగముంది. నాలుగు కిలోమీటర్ల లోతున నీటి స్తంభం ఒత్తిడే వాతావరణ పీడనానికి దాదాపు 390 రెట్లు. కిలోమీటరుకు 30 డిగ్రీల చొప్పున పెరిగితే అక్కడి వేడి 150 డిగ్రీలు. రాతి రంధ్రాల్లోని వాయువు ఒత్తిడి నీటి స్తంభం కంటే ఒకటిన్నర రెట్లుంటే, బావిలో నింపే బురద ద్రవం సాంద్రత కూడా నీటికి ఒకటిన్నర రెట్లకు తగ్గకూడదు. తగ్గితే వాయువు బావిలోకి తన్నుకొస్తుంది. మరీ పెంచితే రాయే చీలి, ఆ ద్రవం అందులోకి పారిపోతుంది. ఈ రెండు హద్దుల మధ్య సందు కొన్నిచోట్ల చాలా సన్నం.

1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి బావిలో వాయువు అదుపు తప్పి ఎగదన్ని అంటుకుంది. ఆ మంట ఆర్పడానికి 65 రోజులు పట్టింది. అది ఉత్పత్తి పంపకం ఒప్పందం కింద ఉన్న బావి కాదు, ఓఎన్‌జీసీ సొంత క్షేత్రం. కానీ భూమి లోపలి పీడనానికి పైన ఏ కాగితం మీద సంతకం పెట్టారో తెలియదు. ఏ పద్ధతి ఒప్పందమైనా ఊరివాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న పంపకం గురించి కాదు. బావి భద్రత ఎవరు తనిఖీ చేస్తున్నారు, ప్రమాదం జరిగితే ఊరిని ఎలా ఖాళీ చేయిస్తారు అని అడగాలి.

పిన్నిగారికి జవాబు

చమురు పడకపోతే ఒప్పందం ప్రకారం కాంట్రాక్టరు డబ్బే పోతుంది. ఆ ఖర్చును ప్రభుత్వాన్ని అడగడానికి వీల్లేదు. నష్టం ఆ బ్లాకు లెక్కలోనే మునిగిపోతుంది. అయితే కాంట్రాక్టర్లలో ప్రభుత్వ రంగ సంస్థ కూడా ఉంటే, నాగాయలంకలో ఉన్నట్టు, పోయిన డబ్బులో ఆ మేరకు మనదీ ఉంది.

చమురు పడితే ముందు రాష్ట్రానికి రాయల్టీ. తర్వాత పాత పద్ధతిలో కాంట్రాక్టరు ఖర్చు, ఆపై కేంద్రానికీ కాంట్రాక్టరుకూ లాభం. కొత్త పద్ధతిలో అయితే రాయల్టీ తర్వాత వచ్చిన ఆదాయంలోనే మొదటి రోజు నుంచి కేంద్రానికి వాటా.

ఇదంతా చెప్పాక పిన్నిగారు కాసేపు ఆలోచించి, "అంటే మా నాన్న పాలుకిచ్చినప్పటి తగువే ఇది. పెట్టుబడి ఎంతయిందో పాలుదారు చెప్పిందే లెక్క" అన్నారు. ఆడిట్ నివేదిక సారాంశం ఇంచుమించు అదే.

మీరే చేసి చూడండి

1. తరంగం వెళ్లి తిరిగి రావడానికి 2.4 సెకన్లు పట్టింది. సగటు వేగం సెకనుకు 3,500 మీటర్లు. పొర ఎంత లోతున ఉంది? వేగంలో 4 శాతం పొరపాటుంటే లోతులో ఎంత తేడా వస్తుంది?

2. పై నమూనాలో చమురు ధర పడి ఏటా అమ్మకం 150 కోట్లకు తగ్గింది. మొదటి ఏడాది లాభ చమురులో ప్రభుత్వ వాటా ఎంత? ఆదాయ పంపకం పద్ధతిలో ఎంత?

జవాబులు: మొదటిదానికి 4,200 మీటర్లు, తేడా 168 మీటర్లు. రెండోదానికి పాత పద్ధతిలో సుమారు 2.6 కోట్లు, కొత్త పద్ధతిలో సుమారు 26 కోట్లు. ఆ రెండో సంఖ్యను కాంట్రాక్టరు వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. 300 కోట్లు తిరిగి రావడానికి అతనికి ఎన్నేళ్లు పడుతుందో లెక్కగట్టండి.